పేరాలో లేని మాట

ఆ పేరాలో మూడో వాక్యం దగ్గర సునంద ఆగిపోయింది.

అది జెబా మేడమ్ ప్రాక్టీస్ కోసం ఇచ్చిన జిరాక్స్ కాగితాల్లోది. గనుల్లో, రాళ్లు కొట్టే చోట ఏళ్ల తరబడి దుమ్ము పీల్చేవాళ్ల ఊపిరితిత్తులు ఏమవుతాయో ఇంగ్లీషులో పది లైన్లలో రాసి ఉంది. దుమ్ము లోపల దిగబడి మచ్చలు కడతాయి. మొదట పొడి దగ్గు. తర్వాత కొద్ది దూరం నడిచినా ఆయాసం. ఆమె అంతవరకే చదివింది. గోడ అవతల నీళ్ల తొట్టి దగ్గర తండ్రి బిక్షపతి దగ్గుతున్నాడు. ఆగకుండా దగ్గి, ఉమ్మి, మళ్లీ దగ్గుతున్నాడు.

బిక్షపతి మణుగూరులో నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టర్ కింద డ్రిల్లింగ్ మిషన్ మీద పని చేస్తాడు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్ము ఉంటుంది. దసరా నుంచి దగ్గు పట్టుకుంది. బీడీ దగ్గేనని ఆయన అంటాడు. తల్లి సారక్క మిరియాల కషాయం కాచి ఇస్తుంది. ఆ ఇంట్లో దాని గురించి అంతకు మించి ఎవరూ మాట్లాడలేదు.

సునంద కాగితం బోర్లా పెట్టి వేరే పాఠం తీసింది. ఆ పూట ఏం చదివిందో ఆమెకు గుర్తు లేదు.

కిందటి ఏడు నీట్ రాసి సీటు రాక ఇంట్లోనే ఉండి రెండోసారి చదువుతోంది. జెబా జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. వాళ్ల నాన్న బట్టల దుకాణం పైగదిలో నీట్ రాసేవాళ్లకు సాయంత్రాలు ట్యూషన్ పెట్టింది. పరీక్షలో వాక్యాలు పొడుగ్గా ఇచ్చి ఏది సరైనదో అడిగితే తెలుగు మీడియం పిల్లలు తడబడుతున్నారని, వాళ్ల కోసం తనే పేరాలు తయారుచేసి, ఒక్కోదాని కింద నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చేది. సునంద మొదట్లో వాటిని గబగబా చేసేది. ముందు ప్రశ్న చూసి, అందులోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, పక్కనున్నది జవాబుగా పెట్టేసేది. ఎన్ని చేసిందో లెక్క చూసుకుని తృప్తి పడేది. అట్లా చేస్తే వంద చేసినా ఒకటీ చదివినట్టు కాదని జెబా చాలాసార్లు చెప్పింది. ముందు పెన్ను పక్కన పెట్టి పేరా మొత్తం చదవాలి, కాగితం మూసి అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పాలి, ఆ తర్వాతే ప్రశ్నల జోలికి పోవాలి, తప్పు పోతే ఎందుకు పోయిందో తేలేదాకా రెండోది ముట్టకూడదు అనేది. సునంద తల ఊపేది. ఇంటికొచ్చి మళ్లీ తన పద్ధతిలోనే చేసేది.

దుమ్ము పేరా చూసిన రోజు నుంచి ఆ పద్ధతి కూడా పోయింది. శ్వాస గురించిన పేరా వస్తే పేజీ తిప్పేసేది. తర్వాత రక్తం గురించి వచ్చినా భయమేసింది, రక్తంలోనే కదా ఊపిరి కలిసేది. చివరికి ఏ పేరా తీసినా మొదటి రెండు వాక్యాలకే గుండె దడ మొదలయ్యేది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపించేవి. ఫోన్‌లో ఆ జబ్బు పేరు కొట్టి చూసింది. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మలు వచ్చాయి. ఫోన్ దిండు కింద పెట్టి కూర్చుండిపోయింది. తండ్రి డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి గోడ పట్టుకుంటే, చెప్పులు వేసుకోవడానికా ఊపిరి అందకనా అని చూసేది. ఆయన తిరిగి చూస్తే పుస్తకంలోకి తల దించేది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని అనిపించింది.

మార్కులు పడిపోయాయి. జెబా అడిగితే నిద్ర సరిపోవడం లేదని అబద్ధం చెప్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం జెబా అందరినీ పంపించి, సునందను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఆమె చేయకుండా వదిలేసిన ఆ దుమ్ము పేరానే ముందు పెట్టింది. తప్పించుకునే దారి లేదు. సునంద చూపు పేరా మీద నిలవలేదు. జవాబులు మాత్రం పెట్టేసి కాగితం ఇచ్చింది. నాలుగూ తప్పు. అప్పుడే గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, రోజూ వినే మోతకు ఉలిక్కిపడింది. జెబా అది చూసింది.

“మూడో ప్రశ్నకు, ఈ జబ్బు వచ్చినోళ్లు ఎవ్వరూ బతకరు అని పెట్టినవ్,” అంది. “గది ఏ లైన్ల ఉంది? వేలు పెట్టి చూపెట్టు.”

సునంద వేలు పేరా మీద అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

“లేదు మేడమ్.”

“మరి యాడికెల్లి వచ్చింది?”

సునంద కాగితం అంచు మడిచింది, మళ్లీ విప్పింది. చివరికి, “మా బాపు దగ్గుతుండు మేడమ్. దసరా కాడికెల్లి,” అంది. ఆ ఒక్క మాటతో ఇన్ని రోజులు ఆపుకున్న ఏడుపు బయటికొచ్చింది.

జెబా నీళ్ల సీసా ఇచ్చింది. ఏమీ కాదులే అని అనలేదు, అది ఆమెకూ తెలియదు. కొంచెం సేపయ్యాక పక్కకొచ్చి కూర్చుని, పేరా మొదటి నుంచి ఒక్కో వాక్యం పైకి చదివి తెలుగులో చెప్పమంది. సునంద చదివింది. రెండో వాక్యంలో ‘కొందరిలో’ అనే మాట ఉంది. ‘మచ్చలు కట్టవచ్చు’ అని ఉంది, కడతాయని లేదు. ఇన్నిసార్లు చూసినా ఆ రెండు మాటలు ఆమె కంటికి ఆనలేదు. ఆయాసం దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకా ఉంది చదవమని జెబా అంది.

ఆ కింద వాక్యాలను సునంద మొట్టమొదటిసారి చదివింది. ఇలాంటి దగ్గు వేరే జబ్బుల్లో కూడా వస్తుంది కాబట్టి పరీక్షలు చేస్తే తప్ప ఏదని చెప్పలేరు. దుమ్ము వల్లే అని తేలితే, ఏర్పడిన మచ్చలు పోవు. కానీ తొందరగా కనిపెట్టి మనిషిని దుమ్ముకు దూరం చేస్తే, చాలామందిలో అది ముదరకుండా ఆగే అవకాశం ఉంది.

ఇన్ని వారాలూ తనను పట్టి పీడించిన పేరాను తాను ఒక్కసారైనా చివరిదాకా చదవలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా భయమే ఎక్కువగా ఉంది.

“చదివేటప్పుడు నీ భయం పేరాల కలిసిపోతుంది,” అంది జెబా. “ఏది రాసింది, ఏది నువ్వు తెచ్చింది, రెండూ వేరే వేరే పెట్టాలె. గదే ప్రాక్టీస్. ఇంకో మాట విను. ఈ పేరా మీ బాపు గురించి రాసింది కాదు. మీ బాపు సంగతి తెల్వాలంటే ఎక్స్‌రే తియ్యాలె.”

సునంద కాగితం మడిచి పట్టుకుని ఇంటికి నడిచింది. ఇప్పటిదాకా భయపడటం ఒక్కటే పని. ఇప్పుడు చెప్పాలి.

మర్నాడు పొద్దున బిక్షపతి వాకిట్లో కూర్చుని బూట్లకు పట్టిన మట్టి గోకుతున్నాడు. సునంద కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. దవాఖానాకు పోదామంది. ఆయన తల ఎత్తలేదు. బీడీలు తగ్గిస్తే అదే పోతుందన్నాడు. చదువు మీద దృష్టి పెట్టమన్నాడు. ఆమె లేవలేదు. ఇది నా చదువే, ఒక్కసారి వినమని బతిమాలి, పేరాను ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పుకొచ్చింది. ఆయాసం మాట దగ్గర బూటు గోకే చప్పుడు ఆగిపోయింది. ఆమె చివరిదాకా చెప్పింది.

బిక్షపతి బూటు కింద పెట్టాడు. మచ్చలు పడితే పోవా అని అడిగాడు. పోవని రాసి ఉందని, ముదరకుండా ఆపవచ్చని కూడా రాసి ఉందని ఆమె చెప్పింది.

“నాకూ భయమే బిడ్డా,” అన్నాడు ఆయన. “నాతోటి పనిచేసినోడు ఒకడు గిట్లనే దగ్గి దగ్గి పోయిండు. నేను పోయి చూపిచ్చుకుంటే ఏం చెప్తరో అని పోలే.”

సారక్క లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో వాళ్లిద్దరూ గమనించలేదు. లోపలికి పోయి చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చింది.

ముగ్గురూ భద్రాచలం బస్సెక్కారు. అశ్వాపురం దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు ఆకులు రాల్చి మోడులుగా నిలబడి ఉన్నాయి. సారపాక దాటి గోదావరి వంతెన మీదికి రాగానే సారక్క కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. బిక్షపతి దారి పొడుగునా దగ్గు ఆపుకోవాలని చూశాడు. ఆపుకున్న కొద్దీ ముఖం ఎర్రబడింది. ఇంకొంచెం ఆలస్యమైతే బాగుండని సునందకు అనిపించింది. బస్సు చెడిపోయినా బాగుండేది.

దవాఖానాలో ఎక్స్‌రే తీశారు. గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. టీబీ ఉందేమోనని తెమడ తీసుకున్నారు, దాని ఫలితం తర్వాత వస్తుందన్నారు. బెంచీ మీద గంటలు గడిచాయి. లోపలికి పిలిచినప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, దుమ్ము పట్టింది, మచ్చలు ఉన్నాయి అని మొదలుపెట్టింది.

అంతే. ఆ తర్వాత ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ సునంద చెవికి ఏమీ చేరలేదు. తండ్రి ముఖం చూసింది, ఆయనా ఏమీ వినడం లేదు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముగ్గురూ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

సునంద కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

“మేడమ్, మల్లొకసారి మొదటి నుంచి చెప్పండి. నేను మధ్యల ఇనలేదు.”

డాక్టరమ్మ విసుక్కోలేదు. నెమ్మదిగా మళ్లీ చెప్పింది. మచ్చలు చిన్నవి, మొదటి దశలో ఉన్నాయి. ఊదిన పరీక్షలో ఊపిరి కొద్దిగానే తగ్గింది. మచ్చలు పోవు. డ్రిల్లింగ్ పని మానాలి, బీడీ మానాలి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. రెండూ మానితే ముదరకపోవచ్చు. ఖాయంగా చెప్పలేను అని కూడా చెప్పింది. సునంద తాను విన్నది సొంత మాటల్లో తల్లిదండ్రులకు ఒక్కో మాటే అప్పజెప్పి, సరిగా చెప్పానా అని డాక్టరమ్మను అడిగింది. ఆమె సరేనంది.

టీబీ లేదని తర్వాత తేలింది.

బిక్షపతి డ్రిల్లింగ్ మానేశాడు. కుర్రతనంలో లారీ నడిపిన లైసెన్సు ఉంటే రెన్యువల్ చేయించుకుని ఒక బడి బస్సు మీద డ్రైవరుగా చేరాడు. జీతం తగ్గింది. సారక్క బడిలో మధ్యాహ్న భోజనం వంటకు పోవడం మొదలుపెట్టింది. బీడీ మానడం ఆయనకు పని మానడం కన్నా కష్టమైంది. రెండు నెలలు అందరి మీదా అరిచాడు. దగ్గు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

సునంద మళ్లీ పేరాలు తీసింది. ఈసారి రోజుకు రెండో మూడో, అంతే. చదివి, కాగితం మూసి, అందులో ఏముందో తల్లికి చెప్పేది. అంటే ఏంది అని సారక్క అడిగేది. కిడ్నీ రక్తాన్ని ఎట్లా వడగడుతుందో మూడుసార్లు చెప్పినా తల్లికి ఎక్కకపోతే, తనకే అర్థం కాలేదని తెలుసుకుని మళ్లీ చదివేది. తప్పు పోయిన ప్రతిచోటా, ఆ జవాబు వైపు తనను ఏది లాగిందో వెతికేది. కొన్నిసార్లు తొందర. చాలాసార్లు భయమే, ఇది నాకు రాదు అనే భయం ముందే ఒక జవాబు ఎంచి పెట్టేసేది. గడియారం పెట్టుకుని చేయడం ఉగాది తర్వాతే మొదలుపెట్టమంది జెబా. అప్పటికి వేగం దానంతటదే కొంత వచ్చింది.

మే నెలలో ఖమ్మంలో పరీక్ష రాసింది. పేపరు చేతికి రాగానే మళ్లీ దడ వచ్చింది, చెమటకు పెన్ను జారింది. నాలుగు వాక్యాల ప్రశ్న ఒకటి ఎంత చదివినా తలకెక్కలేదు. కళ్లు మూసుకుని, తల్లి ఎదురుగా కూర్చుని అంటే ఏంది అని అడుగుతున్నట్టు ఊహించుకుని, ఒక్కో వాక్యం మనసులో తెలుగులో చెప్పుకుంది. దడ తగ్గలేదు, కానీ వాక్యాలు విడిపోయాయి. కౌన్సెలింగ్ చివరి విడతలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఆ కబురు విని జెబా వాళ్ల నాన్న దుకాణంలో నుంచి తెల్ల కోటు గుడ్డ కోసి ఇచ్చాడు.

ఆరు నెలల పరీక్ష ఒకటి దాటాక, చలికాలంలో సెలవు పెట్టుకుని వచ్చి తండ్రిని మళ్లీ భద్రాచలం తీసుకెళ్లింది. ఇప్పుడు ఆమెకు ఊపిరితిత్తుల గురించి మరింత తెలుసు, ఏమేం కావచ్చో అన్నీ తెలుసు. అది భయాన్ని ఏ కొంచెమూ తగ్గించలేదు. ఎక్స్‌రే గది తలుపు మూసుకుంది. కాసేపటికి బిక్షపతి చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, ఛాతీకి ఆనించిన పలక మంచులాగా ఉందని చెప్పాడు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. మచ్చలు పెరగలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

దవాఖానా బయటికొచ్చి ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. వచ్చే ఎక్స్‌రే గురించిన భయం సునందలో అప్పుడే మొదలైంది. ఆకలి కూడా వేసింది. బిక్షపతి అవతలి పక్కనున్న టిఫిన్ బండి చూపించి, పూరీ తిందామా అని అడిగాడు.