మల్లప్ప ఎత్తు బంగారం

మేడారం జాతర దగ్గరపడితే కట్టంగూర్‌లోని నా కొట్టు ముందు పెద్ద కాంటా వేలాడదీస్తాను. అక్కడి వనదేవతలైన తల్లులకు బెల్లమే బంగారం. మొక్కుకున్నవాడు ఒక పళ్లెంలో కూర్చుంటాడు, రెండో పళ్లెంలో అతని ఎత్తు బెల్లం పేరుస్తాను. పాతవాళ్లు వస్తే, పోయినసారి తూగినంత బెల్లం ముందే పెట్టి ఉంచడం నా పద్ధతి. పైన ఎన్ని ముద్దలు కలపాలో చూడటం జనానికి సరదా.

వరికోత మిషను నడిపే మల్లప్పకు ప్రతిసారీ కలపాల్సిందే. జాతర జాతరకూ తొంభై రెండు, నూట మూడు, నూట పద్నాలుగు కిలోలు. "తల్లి సల్లగ సూస్తాంది!" అని గొంతు చించుకుని అరిచేవాణ్ణి నేనే. అతను పొట్ట నిమురుకుంటూ నవ్వేవాడు.

మా అన్న యాదగిరికీ అలాగే అరిచాను. ఒకసారి తూకం తగ్గితే, నలుగురిలో చిన్నబోతాడని అతని ఒళ్లో తూకానికి వాడే ఇనుప బాట్లు పెట్టి సరిచేశాను. ఆరు నెలలకు పెద్దపేగు క్యాన్సరని తేలింది. మగవాళ్లకు పొట్టలో పేరుకున్న కొవ్వు ఈ రోగం ముప్పును పెంచుతుందని డాక్టరు చెప్పాడు. లావుగా ఉన్న అందరికీ రాదట, సన్నగా ఉన్నా రావచ్చట. నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. అన్న మరో జాతర చూడలేదు.

ఈ మాఘంలో మల్లప్ప, భార్య జంగమ్మతో వచ్చాడు. పొట్ట అలాగే ఉంది. ఎదురు పళ్లెంలో పోయినసారి నూట పద్నాలుగు కిలోలు పేర్చి ఉంచాను, ఇవతలి పళ్లెంలో అతను కూర్చున్నాడు. నేను చెయ్యి వదలగానే అతని పళ్లెం పైకి లేచింది.

ఒక ముద్ద తీశాను. దిగలేదు. ఇంకొకటి తీశాను. పట్టపగలు, చుట్టూ ఇరవై మంది, గొలుసు కిర్రుమనడం తప్ప చప్పుడు లేదు. తీసిన బెల్లం పదిహేను కిలోలు దాటినా అతని కాళ్లు గాలిలోనే ఉన్నాయి. కనబడనివాళ్లెవరో కింద నుంచి ఎత్తిపట్టినట్టుంది.

"మంచిగ సన్నబడ్డడు," అంది జంగమ్మ, నవ్వబోయి.

"తిండి తగ్గించిండా అక్కా?"

"యాడ తగ్గించిండు? గంతే తింటాండు."

"బెల్లం తియ్యకు తమ్మీ," అన్నాడు మల్లప్ప. "తల్లికి తక్కువ ఇయ్యొద్దు. నా ఒళ్లె గా బాట్లు పెట్టు."

సిగ్గు లేకుండా ఒక బాటు చేతిలోకి తీసుకున్నాను కూడా. సరిచేసి ఒక్క అరుపు అరిస్తే అందరూ సంతోషంగా ఇంటికి పోతారు. మరుక్షణం దాన్ని నేలకేసి కొట్టి, అతని చెవి దగ్గరికి వంగాను.

"మల్లన్నా, దొడ్డికి పోతే నెత్తురు పడుతాందా?"

అతను గొలుసు బిగించి పట్టుకున్నాడు. "మూడు నెలల సంది. దానికి చెప్పకు."

చెప్పాను. అందరూ వినేలా చెప్పాను.

"దిగు, దవాఖానకు పోదాం," అంది జంగమ్మ.

మల్లప్ప కాళ్లు ముడుచుకుని పళ్లెం మధ్యకు జరిగాడు. "దిగితే రోగపోణ్ణయిత. జర సేపు గిట్లనే ఉండనియ్యి."

జంగమ్మ పిడికెడు మనిషి. ఒంటిచేత్తో పళ్లెం అంచు పట్టి కిందికి లాగింది. అతను కాళ్లు నేలకానించి చెప్పులు వేసుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.