నా పై దవడ సంగతి

నా పై దవడలో ఎముక లేదన్న సంగతి నాకంటే నాలుగు నెలల ముందే సామ్యేలుకు తెలుసు. దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను.

నా పేరు గిడియోన్. గోదావరిఖనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు భూమి కింద పనిచేశాను. గని పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని నాది, సామ్యేలుది. ఇరవై ఆరేళ్ళు ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ముందు అతను పైకప్పు కిందికి వెళ్ళి ఇనుప కడ్డీతో కొట్టేవాడు. డొల్ల చప్పుడు రాకపోతే "మంచిగుందన్నా" అనేవాడు. అప్పుడు నేను వెళ్ళి పని మొదలుపెట్టేవాడిని. నేను మళ్ళీ కొట్టి చూసిన రోజు ఒక్కటీ లేదు. జతగాడు చెప్పాక మళ్ళీ కొట్టి చూడడమంటే అతని ముఖం మీద ఉమ్మినట్టే మాకు.

గనిలో బీడీ ముట్టించకూడదు కాబట్టి అందరం తంబాకు నమిలేవాళ్ళం. ఆ పుణ్యమో, చక్కెర జబ్బు పుణ్యమో, యాభై దాటకముందే నా పై పళ్ళన్నీ ఊడిపోయాయి. పదమూడేళ్ళు పళ్ళ సెట్టుతోనే నెట్టుకొచ్చాను. పళ్ళు లేని చోట ఎముక ఏటికేడు కరిగిపోతుందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. సెట్టు వదులైన కొద్దీ అంటించే పేస్టు ఇంకాస్త ఎక్కువ రాసుకునేవాడిని.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు పెద్దలు చెబుతారు. ఐదో మాట, దాహం గురించిన మాట, పంతొమ్మిదేళ్ళుగా నాది. గని మనిషికి దాహం సంగతి వేరే వాళ్ళు నేర్పక్కర్లేదని అప్పటి పాస్టరుగారు నాకు ఇచ్చారు. కిందటేడు ఆ మాట మధ్యలో పై సెట్టు జారి తెరిచి ఉన్న బైబిలు మీద పడింది. పిల్లలు కిలకిలా నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి తలలు దించుకున్నారు. నాకు పిల్లల మీద కోపం రాలేదు, పెద్దవాళ్ళ మీద వచ్చింది. సెట్టు జేబులో వేసుకుని మాట సగంలోనే దిగిపోయాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. మళ్ళీ ఏడు ఆ వేదిక మెట్లెక్కాలి, ఐదో మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. ఊడని పళ్ళు కావాలి.

"మన ఎవాంజెలిన్ ఉండంగ నీకేం ఫికరన్నా? దవడకే స్క్రూలు బిగిస్తది. ఇగ ఊడుడు లేదు" అన్నాడు సామ్యేలు. ఎవాంజెలిన్ అతని కూతురు. డెంటల్ డాక్టరు. బస్టాండు దగ్గర మేడ మీద కొత్తగా క్లినిక్ పెట్టింది. నన్ను పెద్దబాపు అంటుంది. దాని మొదటి పుట్టినరోజుకు ప్రార్థన చేసింది నేను.

నా భార్య సారవ్వ తనూ వస్తానంది. "వదినె మోకాళ్ళకు గా మెట్లెందుకు? నేనున్న గద" అని సామ్యేలు ఆపేశాడు. స్కానింగు అయ్యాక ఎవాంజెలిన్ కంప్యూటరులో బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. తర్వాత "పెద్దబాపూ, జెర బయట కూసో. బాపుతోటి మాట్లాడుత" అంది.

నాకు అనుమానం రాలేదు. మా దగ్గర ఏ దవాఖానకు పోయినా అంతే. రోగి బెంచీ మీద కూర్చుంటాడు, వెంట వచ్చినవాడు లోపల విని వస్తాడు. నేనూ ఎందరి వెంటో పోయి విని వచ్చాను, సగం దాచి మిగతా సగం చెప్పాను. రోగి భయపడకూడదని అలా చేస్తాం. పావుగంట తర్వాత సామ్యేలు బయటికొచ్చాడు.

"మంచిగుందన్నా" అన్నాడు.

ఆ మాట చాలు నాకు. ఇంగ్లీషు కాగితం మీద అతను వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. వానలు మొదలైన వారంలో ఎవాంజెలిన్ పై దవడలో నాలుగు స్క్రూలు బిగించింది. అవి ఎముకలో కుదురుకున్నాక పళ్ళు ఎక్కిస్తానంది. వారం రోజులు జావ తాగుతూ అద్దం ముందు నిలబడి ఐదో మాట గొణుక్కున్నాను. సారవ్వ నవ్వింది.

రెండో నెలలో జొన్నరొట్టె నానబెట్టుకుని తింటుంటే నాలుక కింద గట్టిగా ఏదో తగిలింది. రాయనుకున్నాను. స్క్రూ. మర్నాటికి రెండోది కదిలింది. మూడోది ఎటుపోయిందో తెలియలేదు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతున్నాను, వేడివేడిగా ముక్కులోంచి కారింది.

"ఏందయ్యా గిది? నోట్ల పోసుకుంటె ముక్కుల కెళ్ళి వస్తాంది!" అని సారవ్వ గ్లాసు లాక్కుంది.

ఒక్కడినే క్లినిక్‌కు వెళ్ళాను. ఎవాంజెలిన్ మళ్ళీ స్కానింగు తీసింది. నోటికీ ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదికీ మధ్య రంధ్రం పడిందని, మూడో స్క్రూ ఆ గదిలోకి జారిందని చెప్పింది.

"నేను ముందుగాల్నే చెప్పిన గద పెద్దబాపూ. నీ పై దవడల మూడు మిల్లీమీటర్ల ఎముక గూడ లేదు. హైదరాబాద్ పొయ్యి చెంప ఎముకకు పొడుగు స్క్రూలు ఏపిచ్చుకో, లేకుంటె ఎముక పొడి నింపి తొమ్మిది నెలలు ఆగాలె అన్న. గివి నిలవడుడు కష్టమన్న. నువ్వే పెద్ద ఆపరేషన్ వద్దన్నవంట, ఏదైతె గదైతది ఇక్కడ్నే కానియ్యుమన్నవంట."

"ఎవలన్నరు?"

"బాపు." నా సంతకం ఉన్న కాగితం తీసి పెట్టింది. అందులో అవన్నీ రాసి ఉన్నాయి.

చెంప ఎముక అనగానే నాకు అర్థమైంది. నెత్తి మీది బొగ్గు మెత్తగా ఉంటే పొట్టి బోల్టు నిలవదు. పొడుగు బోల్టును ఏటవాలుగా పంపి, ఆ పైన ఉన్న గట్టి రాయిలో పట్టించాలి. నేను ముప్ఫై ఏళ్ళు చేసిన పని అది. ఒక్క ముక్క చెబితే ఆ రోజే రైలెక్కేవాడిని.

"దవడ నాది గద బిడ్డా. నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నీకు బీపీ ఉన్నదని, మీ గని భాషల తనే మెల్లగ చెప్తనని అన్నడు. నేను నమ్మిన. తప్పు నాదే" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో మాట అంది. "బాపు దవడ గూడ గిట్లనే ఉన్నది. నీకన్న ముందు ఆయన స్కానింగే తీసిన. హైదరాబాద్ పొమ్మన్న. 'ముందుగాల అన్న స్క్రూలు నిలవడనియ్యి, నాది తర్వాత చూద్దాం' అన్నడు."

ఇరవై ఆరేళ్ళు నాకంటే ముందు వెళ్ళి పైకప్పు కింద నిలబడ్డ మనిషి. ఇప్పుడు నన్ను నిలబెట్టి తను దూరం నుంచి చూశాడు. క్లినిక్ మెట్లు దిగి నేరుగా అతని ఇంటికి నడిచాను.

సామ్యేలు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే విషయం తెలిసిపోయినట్టుంది, లేచి కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు.

"ఎందుకు జేసినవ్?"

"క్లినిక్ పెట్టి ఆర్నెల్లాయె అన్నా. ఆడిపోరి స్క్రూలేం బిగిస్తదని ఒక్కలు మెట్లెక్కుతలేరు. నువ్వు సంఘపెద్దవు. గుడ్ ఫ్రైడే నాడు నీ నోట్ల పళ్ళు జూస్తె అందరు వస్తరనుకున్న. నిలవడ్తయనే అనుకున్న."

"నిలవడ్తయనుకుంటె నీయెందుకు ఏపిచ్చుకోకపోయినవ్?"

సామ్యేలు పేపరు మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. "చర్చిల జెప్పకన్నా, బిడ్డ ఆగమైతది" అన్నాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఆపుకుని ఇంటికొచ్చాను. చర్చిలో చెప్పలేదు. ఆ పిల్ల బతుకు బుగ్గి చేయడానికి మనసొప్పలేదు. కానీ సామ్యేలుతో మాట్లాడటం మానేశాను. దారిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడిని.

హైదరాబాదు పెద్ద డాక్టరు దగ్గర ఎవాంజెలినే రోజు ఖాయం చేసింది. సారవ్వ, నేను రామగుండం స్టేషనుకు వెళ్తే ప్లాట్‌ఫాం మీద సామ్యేలు చేతిలో సంచితో నిలబడి ఉన్నాడు.

"దవాఖాన్ల మనిషి తోడుండాలె గద వదినే" అన్నాడు, నా వైపు చూడకుండా.

"రానియ్యవయ్యా, పాపం" అంది సారవ్వ. నేను మాట్లాడకుండా ఎక్కేశాను. అతను వెనక పెట్టెలో ఎక్కాడు.

ఆసుపత్రిలో సారవ్వ కింద ఫైలు చేయించే కౌంటరు దగ్గర ఉండిపోయింది. నేను డాక్టరు గదిలోకి వెళ్ళాను. సామ్యేలు తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరు నెత్తి నెరిసిన మనిషి. స్కానింగు చూసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కళ్ళజోడు తీశాడు.

"మీవాళ్ళెవరైనా వచ్చారా? ఒకసారి లోపలికి పిలవండి."

తలుపు సగం తెరిచే ఉంది. నేను తిరిగి చూసేలోపే సామ్యేలు గడప దగ్గరికి వచ్చేశాడు.

"నేనున్న సార్. నాకు చెప్పుండ్రి."

"ఆయన మావాడు కాడు సార్" అన్నాను. "దవడ నాది. ఏమున్నా నాకే చెప్పుండ్రి."

సామ్యేలు నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో అతని కళ్ళు అలా నీళ్ళతో నిండటం ఇంతకుముందు ఒక్కసారే చూశాను, అతని తల్లి పోయినప్పుడు. నేను లేచి వెళ్ళి తలుపు వేశాను.

డాక్టరు తెరను నా వైపు తిప్పాడు. ముందు రంధ్రం మూయాలి, లోపలికి జారిన స్క్రూ తీయాలి, పుండు మానడానికి ఆరు నెలలు ఆగాలి, ఆ తర్వాతే చెంప ఎముకకు పొడుగు స్క్రూలు. చక్కెర అదుపులో లేకపోతే అదీ కుదరదు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. నేను అడిగినవాటికి విసుక్కోలేదు.

"అయితే ఈ గుడ్ ఫ్రైడేకు కాదా సార్?"

"కాదండీ. వచ్చే ఏడుకైనా నేను మాట ఇవ్వలేను."

నాకు అప్పటికి అరవై మూడు. ఐదో మాట ఈసారి ఇంకెవరో చెబుతారు. చెప్పలేనంత బాధ కలిగింది. అయినా ఆ చెడ్డ కబురు డాక్టరు నోటి నుంచి నేరుగా నా చెవిలో పడింది. తలుపు అవతల సామ్యేలు దగ్గుతున్నాడు, బొగ్గు దుమ్ము పట్టిన పాత దగ్గు. టేబులు మీద నీళ్ళ సీసా ఉంది. మునుపైతే తీసుకెళ్ళి ఇచ్చేవాడిని.

"మల్లొకసారి మొదటి నుంచి చెప్పుండ్రి సార్" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాను.