లంగా అంచులో కాగితం

శరణార్థుల శిబిరానికి కొత్తగా వచ్చినవాళ్ల బట్టలు ముందు మరిగే నీళ్ల కాగులో పడాల్సిందే. పేలు లోపలికి రాకూడదని నిబంధన. ఆ పని లాండ్రీ పిన్నిది. ఆమెకు పేరొకటి ఉండేది గానీ అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.

అంచులు తడమకుండా పిన్ని ఏ బట్టనీ కాగులో వెయ్యదు. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయే ఆడవాళ్లు విలువైనవి ఎక్కడ కుట్టుకుంటారో ఆమెకు తెలుసు. పన్నెండేళ్ల కిందట తనూ వీళ్లొచ్చే దేశం నుంచే అలాగే వచ్చింది. ఉంగరాలు దొరికేవి, ఫొటోలు దొరికేవి, ఒకసారి ఎవరి పిల్లదో పాలపన్ను దొరికింది. ఏది దొరికినా మనిషిని వెతికి మరీ చేతిలో పెట్టేది.

ఆ మంగళవారం మూడు లారీల జనం ఒక్కసారే దిగారు. సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి కానీ, కానీ అంటూ ప్రాణం తోడేశాడు. ఆ మహానుభావుడు ఏనాడూ ఒక్క చేతిగుడ్డ ఉతికిన పాపాన పోలేదు. పిన్ని చివరి మూట తడమకుండానే కాగులో వేసేసింది.

సాయంత్రం ఆ లారీల్లో దిగిన ఒక టీచరమ్మ బట్టల కోసం వచ్చింది, కొంగు పట్టుకుని ఎనిమిదేళ్ల కూతురు. నీలం లంగా అందుకోగానే అక్కడే కూలబడి, అంచు కుట్టు పళ్లతో తెంపింది. మెత్తగా ఉడికిన తెల్లటి ముద్ద బయటికొచ్చింది.

"ఏంటమ్మా అది?" అంది పిన్ని.

"మా బడి తలుపుకి సైన్యం వాళ్లు అంటించిన కాగితం. నేను కనబడితే కాల్చెయ్యమని నా పేరు రాశారు. అది చూపిస్తేనే ఇక్కడ ఉండనిస్తారట పిన్నీ. లేకపోతే వెనక్కే."

టీచరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

టీచరమ్మని ఉండనివ్వాలా వద్దా అనే విచారణ నాటికి పిన్ని ఆమె వకీలు దగ్గరికి తనే వెళ్లింది. "నేనొచ్చి చెబుతాను. ఉద్యోగం పోతే పోయింది." వకీలు ఒక్కటే చెప్పాడు, చూసింది తప్ప ఇంకేం మాట్లాడొద్దని.

విచారణ అధికారి గొంతు పెంచే మనిషి కాదు. పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది. కాగు, మూట, తెల్లటి ముద్ద, అన్నీ. ఆయన తల ఊపుతూ రాసుకున్నాడు.

"కాగితంలో ఏముందో మీరు చూశారా?"

చూడలేదు అనాలి. కానీ ఎదురుగా ఆ పిల్ల బల్ల అంచుకి గడ్డం ఆనించి తనవైపే చూస్తోంది. తను చేసిన పాపం పిల్ల మెడకి చుట్టుకుంటుందని పిన్నికి అనిపించింది.

"చూశానండి. కుట్టు విప్పి చదివి, మళ్లీ కుట్టేశాను. హడావుడిలో మూటలో కలిసిపోయింది. కాల్చెయ్యమనే ఉంది."

టీచరమ్మ చటుక్కున తలెత్తింది.

అధికారి ఫైల్లోంచి ఒక కాగితం తీసి పిన్ని ముందుకి జరిపాడు. "ఇది ఈవిడ మీ భాషలో రాసిన అర్జీ. మొదటి వాక్యం చదవండి, చాలు."

పిన్ని బడి గడప తొక్కి ఎరగదు. అక్షరాలన్నీ ఒకేలా ఉన్నాయి. అప్పుడు టీచరమ్మ పెదవులు కదిలాయి, చదవలేక నిలబడిపోయిన పిల్లకి అందించినట్టు, శబ్దం లేకుండా, మొదటి మాట. అది ఆమె కావాలని చేసింది కాదు. పదిహేనేళ్ల అలవాటు.

అధికారి ఆ పెదవుల్ని చూశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని రాసి, ఫైలు మూసేశాడు.

వరండాలో వకీలు తల పట్టుకున్నాడు. "కాగులో వేశానన్నారు చూడండి, అక్కడ ఆయన నమ్మాడమ్మా. అక్కడ ఆగినా సరిపోయేది."

పిన్ని గోడకి ఆనుకుని జారి కూర్చుంది. టీచరమ్మ ఆమె వైపు చూడలేదు. కూతురి జుట్టు సరిచేస్తూ, ఎన్ని రోజుల్లో పంపించేస్తారని వకీల్ని అడిగింది.