ఆరోవాడు

ఫ్రిజ్ మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. పైన పట్టుకున్న కూలీలిద్దరూ ఇక అవదన్నట్టు బెంగాలీలో "హోబే నా దాదా" అని చేతులు వదిలేస్తే, బరువంతా కిందనున్న నూకయ్య భుజం మీదికి ఒరిగింది. అతను మోకాళ్ళు కాస్త వంచి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాడు. ఫ్రిజ్ మలుపు దాటింది.

"నువ్వుండబట్టి సరిపోనాది నూకయ్యా," అంది రాజ్యలక్ష్మి, తలుపు తీసి పట్టుకుని. "రేపట్నుంచి ఎవుర్ని పిలవాలి మేం? కూకో, టీ తాగి ఎల్లు."

"ఆట ఉందమ్మా. సాయంత్రం బండి కూడా."

ట్రాఫిక్ కాలనీలో నూకయ్యని పిలిచారంటే ఏదో మోయాలన్నమాటే. బీరువా, మంచం, సింటెక్స్ ట్యాంకు, ఒక్కోసారి శవం. పెళ్ళి భోజనానికి పిలవడం మరిచిపోయినవాళ్ళు కూడా పందిరి రాటలు పాతడానికి మరిచిపోలేదు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని పెద్దలు ఊరికే అన్నారా? ఆ మోసేవాడి పేరు మాత్రం ఎవరూ అడగరు.

నలభై నాలుగేళ్ళు. నూట ఇరవై కిలోలు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో చక్రం కింద నలిగి నల్లగా గడ్డకట్టింది. పలాస వైపు ఒక సంబంధం వచ్చింది గాని, పిల్ల వీధిలో వస్తున్న అతని ఆకారం గుమ్మంలోంచే చూసి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత అమ్మ మంచం పట్టింది. అమ్మ పోయేసరికి సంబంధాలు చూసేవాళ్ళే లేరు. నోట్లో నాలుక లేని మనిషి, తనంతట తాను అడగనూ లేదు.

కిందటి నెల అతను పనిచేసే రైల్వే కార్ఖానాలోకి బరువులెత్తే కొత్త యంత్రం వచ్చింది. ఆ వెనకే నోటీసు బోర్డు మీదికి ఓ జాబితా వచ్చింది. అందులో తన పేరు పక్కనున్న ఇంగ్లీషు మాట చూపించి నూకయ్య గుమాస్తాని అడిగాడు.

"సర్‌ప్లస్ అంటే ఏటి బాబూ?"

"ఎక్‌స్ట్రా," అన్నాడు గుమాస్తా. "చక్రధర్‌పూర్ వైపు గూడ్స్ షెడ్డుకి వేశారు."

నూకయ్యకి నవ్వొచ్చినంత పనైంది. ఎందుకంటే ఆ మాటతోనే అతన్ని ఇంకోచోట గౌరవంగా పిలుస్తారు.

ఆ చోటు నిమ్‌పురా రైల్వే యార్డు పక్క మైదానం. రిటైరైన ఇంజను డ్రైవరు విల్‌ఫ్రెడ్‌కి టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూసి పిచ్చి పట్టింది. రైల్వే కుర్రాళ్ళని పోగేసి జట్టు కట్టాడు. ఆ ఆటలో ముందు వరసన ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. బంతి విసిరేవాణ్ణి కాపాడడమే వాళ్ళ పని. విసిరిన బంతి పట్టుకునే హక్కు వాళ్ళకి లేదు. గెలుపు గీత దగ్గరపడ్డాక, అవతలివాళ్ళు గట్టిగా అడ్డుకుంటున్నప్పుడు, విల్‌ఫ్రెడ్ "ఎక్‌స్ట్రా!" అని అరుస్తాడు. ఆరోవాడిగా నూకయ్య వెళతాడు.

ఆరోవాడికి ఓ చిత్రమైన హక్కుంది. అతను బంతి పట్టుకోవచ్చు. కాకపోతే ప్రతిసారీ ముందు అంపైరు దగ్గరికి వెళ్ళి, అరచేత్తో గుండె మీద పైకీ కిందికీ రాసి చూపాలి. నేనూ పట్టుకోవచ్చు అని దానర్థం. అంపైరు అతని చొక్కా మీది అంకె చూసి "డెబ్బై రెండు!" అని అవతలి జట్టుకి చాటుతాడు. పదేళ్ళుగా నూకయ్య గుండె రాసుకుంటూనే ఉన్నాడు. బంతి మాత్రం ఎవరూ అతనికి విసరలేదు. సాయంత్రాలు తన క్వార్టరు గోడకి పాత బంతి కొట్టి, తిరిగొచ్చేదాన్ని పట్టుకోవడం సాధన చేసేవాడు. ఆటలో ఒక్కసారి ఆ బంతి పట్టుకుని గీత దాటాలి. అంత పెద్ద ఒంట్లో ఉన్న కోరిక అంతే.

ఈరోజు కలకత్తా జట్టుతో ఆట. నూకయ్యకి ఇదే ఆఖరిది. చివరి నిమిషానికి గీత ఇంకా నాలుగు గజాలుంది, గెలవాలంటే దాటి తీరాలి. విల్‌ఫ్రెడ్ అతని మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"ఈసారి నీకే, మేన్. లలిత్‌కి చెప్పాను. పట్టుకో, నడువు. దట్సాల్."

నూకయ్య అంపైరు దగ్గరికి వెళ్ళి గుండె రాసుకున్నాడు. "డెబ్బై రెండు!" అన్న కేక వినబడింది. అవతలివాళ్ళు అతని వంకైనా చూడలేదు. పదేళ్ళుగా తోయడానికే వచ్చేవాడు ఇవాళ మాత్రం ఏం చేస్తాడని.

బంతి విసిరే లలిత్ ఎడమవైపు పరిగెత్తబోయినట్టు నటించాడు. అందరూ అటు విరుచుకుపడ్డారు. నూకయ్య కుడివైపు మూడడుగులు వేసి తిరిగేసరికి బంతి వచ్చి అతని గుండెకి తగిలింది. రెండు చేతులూ దాన్ని చుట్టేశాయి. పట్టుకున్నాడు. గీత ఒక్క అడుగు దూరం. చుట్టుపక్కల ఎవరూ లేరు.

అతను ఆగాడు. చేతికొచ్చిన బరువు పక్కవాడికి అందించడం కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు చేస్తున్న పని. వెనకనుంచి తమ జట్టు కుర్రాడు గిరిబాబు రొప్పుతూ పక్కకి వచ్చాడు. నూకయ్య చేతులు వాటంతటవే కదిలి, బంతిని అతని పొట్టకి ఆనించాయి. గిరిబాబు గీత దాటాడు.

మైదానం హోరెత్తిపోయింది. ఖాళీ చేతులు చూసుకున్నాకగాని తనేం చేశాడో నూకయ్యకి తెలియలేదు. ఏడుపొచ్చింది. తల కవచం వెంటనే తియ్యలేదు.

"ఒక్క అడుగు, మేన్," అన్నాడు విల్‌ఫ్రెడ్ మెల్లిగా.

"అలవాటైపోనాది సార్. ఇచ్చీసినాను."

ఫొటో కోసం కుర్రాళ్ళు కేకేశారు. గిరిబాబుని భుజాలమీదికి ఎత్తుకోవాలట. నూకయ్యే ఎత్తుకున్నాడు. వాళ్ళు ముందు పట్టుకున్న బ్యానరు నూకయ్య ముక్కు దాకా వచ్చింది. దించాక ఎవరో మిఠాయి పొట్లం తెచ్చారు, అందరూ అటు మూగారు. నూకయ్య చొక్కా విప్పి, జట్టు సొత్తు కాబట్టి కంచె తీగ మీద ఆరేశాడు. బట్టల సంచి భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాడు. విల్‌ఫ్రెడ్ వెనక్కి తిరిగి చూసేసరికి దారి మలుపు ఖాళీగా ఉంది.

చొక్కా మాత్రం చెమటకి బరువెక్కి తీగ మీద వేలాడుతోంది. పదేళ్ళు అరచెయ్యి రాసినచోట అంకె రంగు రాలిపోయింది. ఏడు పూర్తిగా పోయింది, రెండు సగం మిగిలింది.