విప్పిన కుట్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే చక్రపాణికి తన కంటి మీద మహా నమ్మకం. గిరాకీ మెట్లెక్కి వస్తుంటేనే కొలత చెప్పేస్తాడు. టేపు తీయడం మర్యాద కోసమే. ఊరందరినీ కొలిచిన ఆ కన్ను సొంత ఇంట్లో మాత్రం గుడ్డిదైపోయింది.

అతని భార్య వాసంతి మొదట్నుంచీ పుల్లలాంటి మనిషి. పోచంపల్లి చుట్టాలు ఎప్పుడొచ్చినా ఒకటే మాట: "ఏందయ్యా, పిల్లకు బువ్వ పెడ్తలేవా?" వాళ్ళు నవ్వుతూనే అనేవాళ్ళు, అతనికి మాత్రం ముల్లులా గుచ్చుకునేది. దానికి తోడు ఏళ్ళ తరబడి ముదిరిన బీపీతో ఆమె గుండె నీరసపడింది. డాక్టరమ్మ రాసిచ్చిన గోలీల్లో నీళ్ళ గోలీ ఒకటి. పొద్దున్నే అది వేసుకుంటే మధ్యాహ్నం దాకా బాత్రూంకు తిరగడమే పని.

వాసంతి చీరల దుకాణంలో పనిచేస్తుంది. శ్రావణమాసం వచ్చిందంటే అక్కడ పరుపు మీద కూర్చున్న మనిషికి లేచే తీరిక ఉండదు.

"ఊకె లేస్తుంటే సేటు గుడ్లురుముతుండు. బాత్రూం జూస్తే పై అంతస్తుల ఉన్నది," అని బాధపడిందామె.

"సీజన్ అయ్యేదాంక గా నీళ్ళ గోలి బంద్ వెట్టు. బీపీ గోలి ఏస్కుంటనే ఉన్నవ్ గదా, అన్నీ గా బీపీకే," అన్నాడు చక్రపాణి, డాక్టరీ తానే చదివినట్టు. ఆమె మానేసింది.

శ్రావణం సగమయ్యేసరికి వాసంతి జాకెట్లు నడుం దగ్గర బిగుతయ్యాయి. చక్రపాణి ఆనందం ఇంతా అంతా కాదు. కుట్టినప్పుడు లోపల మడిచి వదిలిన గుడ్డతో ఇన్నేళ్ళూ పని పడలేదు. ఇప్పుడు ఒక్కో జాకెట్టూ తీసి, కూనిరాగం తీస్తూ కుట్లు విప్పి, వదులు చేసిపెట్టాడు. "ఇన్నొద్దులకు ఒళ్ళు జేసినవే!" అని మురిసిపోయాడు. పక్క కొట్ల వాళ్ళకూ చెప్పుకున్నాడు. చెప్పుల పట్టీలు ఆమె పాదాల మీద గుంటలు చేస్తున్నా, ఆమె గోడకు ఆనుకుని కూర్చునే కునికిపాట్లు పడుతున్నా, దుకాణం అలసటే అనుకున్నాడు. పాపం, మురిపెంలో ఉన్నవాడికి ఎదురుగా ఉన్నదీ కనబడదు.

ఒక సాయంత్రం ఇద్దరూ ఇంటికి పోదామని మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే, వాసంతి ఊపిరి అందక కూలబడింది. అతను ఆమెను ఎత్తుకున్నంత పని చేసి, ఆటోలో ఎల్బీనగర్ దవాఖానకు, ఎప్పుడూ చూపించే డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాడు.

"నీళ్ళ మాత్ర ఎందుకాపేశారండీ?" అందామె. విజయవాడ మనిషి, కోపంలోనూ 'అండీ' వదలదు. "బీపీ మాత్ర రక్తనాళాల్ని వదులు చేస్తుంది. అప్పుడు గుండె అంత గట్టిగా తోయక్కర్లేదు. నీళ్ళ మాత్ర పని వేరు. ఒంట్లో నిలవైన ఉప్పునీ నీటినీ మూత్రంలోకి పంపేస్తుంది. దీని పని బీపీ మాత్ర చెయ్యదండీ. ఆ నీరే ముందు కాళ్ళలో, తర్వాత పొట్టలో చేరింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. బరువు పెరుగుతుంటే ఇంట్లో ఎవరూ చూళ్ళేదా?"

చూడకపోవడమేమిటి, చక్రపాణి చూసి సంబరపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ గుండెకు మునుపటి బలం ఇక రాదని ఆవిడే చెప్పింది.

ఇంజెక్షన్లకు నీరంతా దిగిపోయింది. మంచం మీద మళ్ళీ ఆ పాత వాసంతి, ఇంకా చిక్కిపోయి. అతనికి దుఃఖం ఆగలేదు.

"నేను బంద్ వెట్టుమన్నందుకే ఇట్లయింది. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయాసమొస్తుందని ఒక్క మాటన్న జెప్పకపోతివి గదనే!"

వాసంతి చెయ్యి చాపి అతని కళ్ళు తుడిచింది.

"జెప్దామనే అనుకున్నయ్యా," అంది మెల్లగా. "మన పెండ్లయిన కాడికెళ్ళి నువ్వు నన్ను జూసి గంతగనం మురిసింది ఎన్నడు లేదు. ఇంకో నాలుగొద్దులు మురువనీ అనుకున్న."