మోటారు గ్లౌజు

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక దర్జీ కత్తెర ముట్టలేదు. పునరావాస కేంద్రంలో పరిశోధన చేస్తున్న ఫిజియోథెరపిస్టు, వేళ్లను ఆడించే మోటారు గ్లౌజు ఒకటి ఆయన చేతికి తొడిగింది. "నా మాట నమ్మండి బాబాయ్, మళ్లీ మిషను ముందు కూర్చుంటారు" అనేది. సొంత కూతురైనా ఇంత ఓపిక పట్టదని ఆయన కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. చెమటలు కక్కుతూ సాధన చేసి, ఆ గ్లౌజుతోనే మనవరాలికి గౌను కుట్టాడు.

డాక్టర్ల సభలో ఆయన చేత గుడ్డ కత్తిరించి చూపించారు. హాలంతా చప్పట్లు మారుమోగాయి. వేదిక దిగగానే ఆ అమ్మాయి వచ్చి గ్లౌజు పట్టీలు విప్పసాగింది.

"బిగుతుగా ఏం లేదు తల్లీ, ఉండనీ."

"అది కాదు బాబాయ్. స్టడీ అయిపోయింది, గ్లౌజు తిరిగిచ్చెయ్యాలి."

"ఈ సంగతి నీకు మొదట్నుంచీ తెలుసా?"

"తెలుసు. ముందే చెబితే మీరు మనసు పెట్టి చెయ్యరేమోనని..." ఆమె తలెత్తలేదు.

గ్లౌజు ఊడిరాగానే వేళ్లు మెల్లగా లోపలికి ముడుచుకుపోయాయి.

"రండి బాబాయ్, కారులో ఇంటిదగ్గర దింపుతాను."

"వద్దండీ మేడమ్," అన్నాడాయన. "మీకెందుకు శ్రమ? బస్సులో వెళ్తాను."