ఒరిగిన చందమామ జాడీ

కుమ్మరి నామ్ మాష్టారు సుత్తి పట్టుకుని నా గదిలోకి వచ్చేసరికి నేను వేస్తున్న బొమ్మలో జాడీ అడుగుభాగం ఇంకా మిగిలే ఉంది.

యోజు అనే కుండల ఊళ్లో ఆయన జాడీలు కాల్చే ఆవం తెరిచిన రోజున వంకరపోయిన జాడీలన్నీ అక్కడికక్కడే పగలగొడతారు. ఈ తెల్లటి చందమామ జాడీని మాత్రం సుత్తి కింద చెయ్యి పెట్టి మరీ ఆపాను. రెండు గిన్నెలు నోటికి నోరు అతికించి, చందమామలా గుండ్రంగా చేసినది. మంటలో కుడిపక్కకి ఒరిగిపోయింది. నాకు నచ్చిందే ఆ ఒరగడం. బొమ్మ వేసుకుని ఇచ్చేస్తానని నలభై రోజులు గడువు అడిగాను. ఇవాళ్టితో సరి.

“అయిందా?” అన్నారు.

“ఒక్క గంట, మాష్టారూ. మీకు పుణ్యముంటుంది.”

“నీ గంటలు నాకు తెలీవూ? ఇది లోకంలో ఉండకూడదమ్మాయ్. నేను పోయాక ఎవడో దీన్ని చూసి, ముసలాడి పనితనం ఇంతేనా అంటాడు.”

“అన్నవాడి నోరు పడిపోనూ!”

ఆయన నవ్వలేదు. బార్లీ టీ పోసిస్తే ముట్టలేదు. సుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పళ్లు బిగబట్టి అడుగు గీత వేస్తున్నాను.

కాసేపటికి లేచి నా వెనక నిలబడ్డారు. సుత్తి కర్రను నిలువుగా పట్టి ఎదురుగా ఉన్న జాడీని చూశారు, అలాగే బొమ్మనీ చూశారు.

“ఇది నా జాడీ కాదు.”

“ప్రతి పగులుగీతా లెక్కపెట్టి వేశాను!”

“గీతలు సరే. ఆ వాలు ఏదీ? దీన్ని నిలబెట్టేశావుగా.”

నిజమే. బొటనవేలంత ఒరగవలసింది వెంట్రుకవాసి ఒరిగింది. ఎప్పుడు చేశానో తెలియదు గానీ ఎందుకు చేశానో తెలుసు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“మీరు చిన్నబుచ్చుకుంటారని...”

“నామీద జాలా? నేను వంకరదాన్ని పగలగొడతాను. నువ్వు వంకర దాచి కింద సంతకం పెడతావు. సుత్తి ఎవరికి కావాలి, నాకా నీకా?”

అంటూనే జాడీ మీదికి సుత్తి ఎత్తారు.

“ఆగండి!” అని అరిచి, బల్లమీది చాకు తీసి నా కాన్వాసుని పైనుంచి కిందిదాకా చీరేశాను. నలభై రోజుల పని రెండు ముక్కలై వేలాడింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మాష్టారు ఆ చిరుగునే చాలాసేపు చూశారు. తర్వాత సుత్తిని నడుముకి దోపుకుని, చల్లారిన టీ తాగారు.

“మళ్లీ ఆవం తెరిచేది నలభై రోజులకి. అందాకా ఈ జాడీ ఇక్కడే ఉండనీ,” అన్నారు. “ఈసారి నా మొహం చూసి వెయ్యకు. దాన్ని చూసి వెయ్యి.”